పుల్లరి, మాన్యం, స్వేచ్ఛ: పశ్చిమ ప్రకాశం వీరగాథల్లో యుద్ధకారణ విచారణ

యుద్ధాలు స్వేచ్ఛ కోసం జరుగుతాయా, ఆర్థిక ప్రయోజనం కోసం జరుగుతాయా అన్న ప్రశ్న చరిత్ర రచనలో చాలా పాతది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విజేతలను ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి అని మూడు విధాలుగా విభజించాడు. శత్రువు లొంగితే చాలని తృప్తిపడేవాడు మొదటివాడు. భూమినీ ధనాన్నీ కోరేవాడు రెండవవాడు. వాటితోపాటు భార్యాపుత్రులనూ ప్రాణాలనూ హరించేవాడు మూడవవాడు. గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ తన గ్రంథంలో ఏథెన్సు ప్రతినిధుల చేత భయం, గౌరవం, ప్రయోజనం అనే మూడు కారణాలను చెప్పించాడు. ఈ రెండు వర్గీకరణలూ రాజ్యాన్ని విస్తరించేవాడి వైపు నుంచి చేసినవే. ఆ విస్తరణ తన పొలం గట్టుకు, తన పశువుల బీటికి వచ్చినప్పుడు ఎదురు నిలిచినవాడు ఎందుకు ఆయుధం పట్టాడన్న ప్రశ్నకు వీటిలో చోటు తక్కువ.

ఆ ప్రశ్నను పరిశీలించడానికి పొదిలి, కనిగిరి, కంభం, గిద్దలూరు ప్రాంతం అనువైన క్షేత్రం. వెలికొండలకు తూర్పున పాలేటి ఒడ్డున జరిగినట్లు కాటమరాజు కథ చెప్పే యుద్ధం ఒకటి. కొండలకు పడమట 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సాగించిన పోరు మరొకటి. మొదటిదానికి తక్షణ కారణం గడ్డి పన్ను. రెండవదానికి తక్షణ కారణాలు ఆగిపోయిన తవర్జీ, పోయిన మాన్యాలు. రెండూ ఆర్థిక కారణాలే. అయినా రెండింటినీ ప్రజలు వీరగాథలుగా పాడుకొన్నారు. డబ్బు తగాదా వీరగాథ ఎలా అయింది? ఈ వ్యాసం చర్చించే విషయం ఇదే.

ప్రాంతం, దాని దస్త్రాలు

నేడు పశ్చిమ ప్రకాశంగా వ్యవహరించే ప్రాంతం పాలనాపరంగా చాలాకాలం ఒకటిగా లేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచీ, మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచీ వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాలో కలిశాయి. అంతకుముందు అవి కడప జిల్లాలో ఉండేవి. కాబట్టి పొదిలి చరిత్ర నెల్లూరు దస్త్రాల్లోనూ, గిద్దలూరు చరిత్ర కడప, కర్నూలు దస్త్రాల్లోనూ విడివిడిగా నిలిచిపోయింది. పరిశోధకులు కూడా కాటమరాజు కథను నెల్లూరు చోళుల చరిత్రతో, నరసింహారెడ్డిని రాయలసీమ పాలెగాండ్ర చరిత్రతో ముడిపెట్టి చదివారు. కొండకు రెండు వైపులనూ కలిపి చూసినప్పుడు యుద్ధకారణాల చర్చ వేరే రూపు తీసుకొంటుంది.

కాటమరాజు కథ: గడ్డికి కట్టిన వెల

కాటమరాజు కథాచక్రాన్ని గొల్లలు తమ కులపురాణంగా భావిస్తారు. కొమ్మువారు దీన్ని వంశపారంపర్యంగా గానం చేస్తూ వచ్చారు. డా. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథలను సేకరించి పరిష్కరించడంతో అవి విద్వల్లోకానికి అందుబాటులోకి వచ్చాయి. కథలోని యుద్ధ ఘట్టాన్ని 13వ శతాబ్దపు నెల్లూరు చోళుల కాలానికి అన్వయించడం సాహిత్య చరిత్రలో స్థిరపడింది. నెల్లూరు రాజు నల్లసిద్ధి పక్షాన పోరాడి మరణించిన ఖడ్గతిక్కన, మహాభారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజికి పెదతండ్రి వరుసవారి కొడుకుగా ప్రసిద్ధుడు.

కథలో వివాదం స్పష్టంగా ఉంది. కరువు కారణంగా కాటమరాజు ఆలమందలతో నల్లసిద్ధి ఏలుబడిలోని బీళ్లకు వచ్చాడు. నియమిత కాలం పశువులను మేపుకొన్నందుకు ఆవులకు పుట్టిన కోడెదూడలను పుల్లరిగా ఇచ్చేటట్లు ఇద్దరి మధ్య ఒడంబడిక కుదిరింది. తరువాత వానలు లేక మేత కరవైంది. రాజు ప్రియురాలు కుందమదేవి పెంపుడు చిలుక గొల్లల చేతిలో చచ్చిందని, దానికి ప్రతిగా ఆమె ఆవులను చంపించిందని కథ చెబుతుంది. కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు. రాయబారాలు విఫలమయ్యాయి. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి వద్ద యుద్ధం జరిగింది.

ఈ ఒడంబడికలోని ఆర్థిక తర్కాన్ని గమనించాలి. పశుపాలకుడికి ఆవు మూలధనం. కోడెదూడ దానిమీద వచ్చే ఫలం. ఫలాన్ని మాత్రమే ఇచ్చి మూలాన్ని నిలుపుకోవడం ఇరుపక్షాలకూ సమ్మతమైన ఏర్పాటు. మేత లేకపోతే ఫలం ఉండదు, మూలానికే ముప్పు వస్తుంది. ఆవులను చంపడంతో రాజపక్షం ఆ మూలంమీదనే చేయి వేసింది. అప్పటినుంచి పుల్లరి అడగడం ఇచ్చిన వస్తువుకు వెల అడగడం కాకుండా పోయింది. అది అధికారాన్ని అంగీకరించమని అడగడమైంది. కాటమరాజు నిరాకరించినది కూడా ఆ అంగీకారాన్నే. గడ్డి విషయం స్వేచ్ఛ విషయంగా మారిన చోటు ఇదే. కథ ఈ మార్పును ఉపన్యాసంగా చెప్పదు. చిలుక, ఆవులు, దూడలు, రాయబారం అనే సంఘటనల వరుసలోనే అది తెలుస్తుంది.

ఎదుటిపక్షం సంగతీ పరిశీలించదగినదే. ఖడ్గతిక్కనకు పుల్లరిలో వాటా ఉన్నట్లు ఎక్కడా కనబడదు. అతడు మొదట ఓడి ఇల్లు చేరుకొన్నాడు. భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచడం, తల్లి విరిగిన పాలు వడ్డించడం చాటుపద్యాల ద్వారా తెలుగువారికి సుపరిచితమైన ఘట్టాలు. ఆ అవమానాన్ని భరించలేక అతడు మళ్లీ రణరంగానికి వెళ్లి మరణించాడు. రాజు యుద్ధం రాబడి కోసం, గొల్లల యుద్ధం జీవిక కోసం, సేనాని యుద్ధం పరువు కోసం. ఒకే యుద్ధంలో మూడు కారణాలు కలిసి ఉన్నాయి. థుసిడిడీస్ చెప్పిన గౌరవం, ప్రయోజనం ఇక్కడ ఒకే పక్షంలోని ఇద్దరు వ్యక్తుల్లో విడివిడిగా కనిపిస్తాయి.

కొండకు రెండు వైపులా: కంపెనీ ఏర్పాట్లు

ఆరు శతాబ్దాల తరువాత ఇదే ప్రాంతంలో రాబడి అడిగేవాడు మారాడు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల ఫలితంగా తనకు దక్కిన భూభాగాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకొన్నాడు. తన రక్షణకు కంపెనీ ఉంచే సైన్యపు ఖర్చుకు బదులుగా చేసిన దత్తత అది. కంభం, గిద్దలూరు, కోయిలకుంట్ల ప్రాంతాలు అలా కంపెనీ వశమయ్యాయి. మరుసటి సంవత్సరం కర్ణాటక నవాబుతో జరిగిన ఒప్పందం వల్ల నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. సైన్యపు ఖర్చును భూమిశిస్తుతో రాబట్టుకోవడం ఆ దత్తతకు మూలసూత్రం. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది నిస్సందేహంగా లోభవిజయం.

కంపెనీ మాట్లాడిన భాష మాత్రం అది కాదు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాండ్ర అధికారాన్ని రద్దుచేశాడు. ఎదిరించినవారిని సైన్యంతో అణచివేసి, లొంగినవారికి పింఛను ఏర్పాటు చేశాడు. రైతును పాలెగాని దోపిడినుంచి విడిపించి ప్రభుత్వంతో నేరుగా సంబంధం కల్పించడం ఈ చర్యలకు ఆయన చెప్పిన సమర్థన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. పాలెగాండ్రు గ్రామాలమీద జులుం చేసిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఆయన పాలనలోనే శిస్తు రాబడి గణనీయంగా పెరిగింది. స్వేచ్ఛ అనే మాట ఎదిరించినవాడి సొత్తు మాత్రమే కాదనీ, శిస్తు వసూలు చేసేవాడు కూడా దాన్ని వాడతాడనీ ఇక్కడ తెలుస్తుంది. కాబట్టి ఏ పక్షం స్వేచ్ఛ పేరు చెప్పిందన్నది యుద్ధకారణానికి నిదర్శనం కాజాలదు.

వెలికొండలకు తూర్పున కంపెనీ విధానం వేరు. పొదిలి ప్రాంతం వెంకటగిరి వెలుగోటి వారి సంస్థానంలో భాగం. 1802లో ఆ సంస్థానానికి శాశ్వత పైసలా పద్ధతి వర్తింపజేశారు. అంతకుముందు సంస్థానం చేయవలసి ఉన్న సైనిక సేవకు బదులుగా ధనం నిర్ణయించి, దాన్ని పేష్కషులో కలిపారు. కత్తి రూపంలోని బాధ్యత రూపాయి రూపంలోకి మారింది. దొరతనం మాత్రం జమీందారీ పేరుతో నిలిచింది. పడమట నొస్సం మొదలైన పాలెములకు ఆ అవకాశం దక్కలేదు. అక్కడ అధికారం పూర్తిగా పోయి తవర్జీ మాత్రమే మిగిలింది. పాలెగాని కింద కావలి కాసి స్వల్పమైన స్థిరశిస్తుతో భూమి అనుభవించిన కట్టుబడులకు మాన్యమే ఆధారమైంది.

1846లో సాయుధ పోరు కోయిలకుంట్ల, గిద్దలూరు, కంభం, నల్లమల వైపున సాగింది. వెంకటగిరి జమీను వైపు పాకలేదు. ఈ భౌగోళిక విభజనకు స్వేచ్ఛా కాంక్షలోని హెచ్చుతగ్గులు కారణమని చెప్పడం కష్టం. కొండకు ఒకవైపు మనుషులు ధీరులు, రెండవవైపు మనుషులు పిరికివారు అనడానికి ఆధారం లేదు. భూమి ఏర్పాట్లలోని తేడా దీన్ని ఎక్కువ సమంజసంగా వివరిస్తుంది. యుద్ధం ఎక్కడ, ఎప్పుడు పుడుతుందన్న ప్రశ్నకు ఆర్థిక చరిత్ర ఇచ్చే సమాధానం బలమైనది.

1846: తవర్జీ, మాన్యం, తిరుగుబాటు

నరసింహారెడ్డి మాతామహుడు నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి. పాలెము పోయి పింఛను పొందిన ఆయన మరణించడంతో ఆ పింఛను ఆగిపోయింది. నరసింహారెడ్డికి తండ్రి వైపునుంచి సంక్రమించినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తనకు రావలసినదని భావించిన భాగాన్ని ప్రభుత్వం నిరాకరించింది. తవర్జీ కోసం పంపిన మనిషిని కోయిలకుంట్ల ఖజానాలో అవమానించారన్నది జనశ్రుతి. అదే సమయంలో కొన్ని గ్రామాల్లో కట్టుబడి మాన్యాలను హక్కుదారుల మరణానంతరం ప్రభుత్వం స్వాధీనం చేసుకోసాగింది. మాన్యం పోయినవారు, పోతుందని భయపడినవారు నరసింహారెడ్డి చుట్టూ చేరారు.

1846 జూలైలో ఈ దండు కోయిలకుంట్ల ఖజానామీద పడింది. అక్కడినుంచి గిద్దలూరు వైపు కదిలింది. కడప కలెక్టరు కాక్రేన్ ఆదేశంతో కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ బలగాలతో వెంబడించారు. గిద్దలూరు వద్ద పోరు జరిగింది. తరువాత నరసింహారెడ్డి నల్లమల అడవులను ఆశ్రయించి, అక్టోబరులో పేరుసోమల కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. జనం చూసి భయపడాలని ఆయన తలను 1877 వరకు కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. ఈ తిరుగుబాటు సంబంధంగా 900 మందికి పైగా అభియోగాలకు గురయ్యారు.

ఈ సంఘటనలను కేవలం తవర్జీ తగాదాగా చెప్పేవారు రెండు విషయాలకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. మొదటిది, నెలకు 11 రూపాయల తవర్జీ నరసింహారెడ్డిది. వెంట నడిచిన వందలమందికి అందులో పైసా రాదు. రెండవది, డబ్బే లక్ష్యమైతే ఖజానా దాడితో పని ముగియాలి. ఆ తరువాత మూడు నెలలు కొండల్లో వెంటాడే సైన్యాన్ని ఎదుర్కొంటూ నిలవడంలో లాభమేమీ లేదు. లాభనష్టాల లెక్క వేసుకొన్నవాడు జూలైలోనే చెదిరిపోయేవాడు.

అలాగే దీన్ని ఆధునికార్థంలో దేశ స్వాతంత్ర్య యుద్ధంగా మాత్రమే చెప్పేవారికీ చిక్కు ఉంది. పరాయి పాలన 1800లోనే వచ్చింది. పొరుగున ఉన్న కర్నూలు నవాబును పదవినుంచి తొలగించి కంపెనీ ఆ రాజ్యాన్ని 1839లో కలుపుకొంది. ఆ రెండు సందర్భాల్లోనూ కాక 1846లోనే ఈ కట్టుబడులు ఎందుకు కదిలారన్నదానికి మాన్యాల స్వాధీనం తప్ప తృప్తికరమైన కారణం దొరకదు.

ఈ రెండు చిక్కులకూ మూలం ఒకటే. ఆర్థికం అనే ఒక్క మాటలో లాభం, జీవిక అనే రెండు వేర్వేరు విషయాలను కలిపివేయడం. లేనిదాన్ని సంపాదించడానికి చేసే యుద్ధం లాభం కోసం చేసేది. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చేసేది జీవిక కోసం చేసేది. కట్టుబడికి మాన్యం ఆదాయం మాత్రమే కాదు. ఊరికి కావలివాడన్న స్థానం, ఒకరి ముందు చేయి చాపనక్కరలేని బతుకు, తన పిల్లలకు ఆ బతుకును అప్పగించే హక్కు అందులో ఇమిడి ఉన్నాయి. మాన్యం పోతే అతడు కూలివాడవుతాడు. అతడి దృష్టిలో మాన్యమే స్వేచ్ఛకు ఆకారం. కాటమరాజుకు ఆవు ఎలాంటిదో కట్టుబడికి మాన్యం అలాంటిది. ఫలంలో వాటా అడిగినంత కాలం ఇద్దరూ ఇచ్చారు. మూలం పెరికివేయబోయినప్పుడు ఎదురుతిరిగారు.

కంపెనీ పక్షాన తుపాకులు పట్టిన సిపాయిలు, బంట్రోతుల్లో ఎక్కువమంది కూడా ఈ దేశస్థులే. వారికి ఆ జీతం జీవిక. ఒకడి జీవికను లాగివేయడానికి మరొకడి జీవికను సాధనంగా వాడడం సామ్రాజ్యపు పనితీరు. యుద్ధకారణం ఆర్థికమని తేల్చి ఊరుకొంటే ఈ దొంతరలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి.

దస్త్రం చెప్పినది, పాట చెప్పినది

ప్రభుత్వ దస్త్రానికి తిరుగుబాటు కారణం అర్జీ రూపంలో కావాలి. ఎంత సొమ్ము, ఏ తేదీనుంచి, ఏ ఉత్తరువు ప్రకారం అన్నవే అందులో నమోదవుతాయి. అందువల్ల నరసింహారెడ్డి దస్త్రంలో అసంతృప్తుడైన పింఛనుదారుగా కనిపిస్తాడు. జాతీయోద్యమ కాలం తరువాతి చరిత్ర రచన దీనికి ఎదురుదిశలో నడిచింది. 1857కు ముందే తిరగబడిన వీరుడన్న గౌరవం ఆయనకు దక్కింది. 2019లో వచ్చిన సైరా నరసింహారెడ్డి చలనచిత్రం, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టడం ఆ గౌరవానికి కొనసాగింపులు. ఈ గౌరవం న్యాయమైనదే. కాని తవర్జీ ప్రస్తావన వీరుడి స్థాయిని తగ్గిస్తుందన్న సంకోచంతో దాన్ని మరుగుపరిస్తే, దానితోపాటు మాన్యం కూడా మరుగవుతుంది. మాన్యం మరుగైతే కట్టుబడులు కథనుంచి తప్పుకొంటారు. వందలమంది పోరాటం ఒక్కడి సాహసంగా మిగులుతుంది.

రేనాటి సీమలో నరసింహారెడ్డిపై జానపదులు పాడుకొన్న పాట ఈ రెండు తోవల్లోనూ నడవలేదు. తంగిరాల వారు రేనాటి సూర్యచంద్రులు గ్రంథంలో నరసింహారెడ్డిని, అదే ఊరివాడై కరువులో అన్నదానం చేసిన బుడ్డా వెంగళరెడ్డిని పక్కపక్కన నిలిపారు. ఒకరు కత్తి పట్టినవారు, మరొకరు అన్నం పెట్టినవారు. అన్నమూ పరువూ ఒకే కొలతకు వచ్చే జానపద విలువల వ్యవస్థ ఈ జంట స్మరణలో కనిపిస్తుంది. వీరగాథకు డబ్బు ప్రస్తావన అంటే చిన్నచూపు లేదు. పల్నాటి వీరచరిత్రలో రాజ్యభాగం, కాటమరాజు కథలో కోడెదూడలు, నరసింహారెడ్డి గాథలో తవర్జీ అన్నీ బాహాటంగానే ఉన్నాయి. అడిగినది చిన్నదా పెద్దదా అన్నది గాథకు ముఖ్యం కాదు. అడిగిన తీరు మనిషిని ఎక్కడ నిలబెట్టిందన్నదే ముఖ్యం.

పుల్లరి మళ్లీ వచ్చినప్పుడు

ఈ నిర్ధారణను తరువాతి కాలపు సంఘటనలతో సరిచూసుకోవచ్చు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో నల్లమల అంచునే ఉన్న పల్నాడులో రైతులు అడవిలో పశువులను మేపుకోవడానికి పుల్లరి కట్టమన్నారు. 1922లో మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. కాటమరాజు కథలోని పన్ను పేరే అక్కడా వినిపించింది. అయితే ఈసారి పుల్లరి నిరాకరణకు స్వరాజ్యం అన్న పేరు తోడైంది. స్వరాజ్యమన్న మాట రైతుకు అర్థమైనది పశువు మేత రూపంలో. మేత హక్కుకు దేశవ్యాప్తమైన అర్థం కలిగినది స్వరాజ్యమన్న మాటతో. ఒకటి అసలు కారణం, మరొకటి ముసుగు అని విడదీయడానికి వీలులేదు.

పొదిలి వైపు కథ కూడా అక్కడితో ఆగలేదు. 1846లో వెంకటగిరి జమీనును దాటిపోయిన తగాదా 1930 ప్రాంతంలో రైతుకూ జమీందారుకూ మధ్య తలెత్తింది. అడవి, మేత, చెరువుల హక్కుల కోసం వెంకటగిరి జమీను రైతులు ఉద్యమించారు. నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన జమీన్ రైతు పత్రిక ఆ గొంతును వినిపించింది. 1802 పైసలా దొరతనాన్ని కాపాడింది కాని రైతు మూలాన్ని కాపాడలేదు. అందుకే అక్కడ పోరు ఆలస్యంగా, ఆయుధాలు లేకుండా, పాలకుడికి బదులు జమీందారుమీద సాగింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ వ్యవస్థ రద్దయింది.

ముగింపు

వెలికొండలకు ఇరువైపుల సాక్ష్యాన్ని కలిపి చూస్తే మూడు విషయాలు తేలుతాయి. యుద్ధం పుట్టే స్థలాన్నీ కాలాన్నీ భూమి, మేత, పన్నుల ఏర్పాట్లు నిర్ణయిస్తాయి. కనుక ఆర్థిక కారణాన్ని విస్మరించిన చరిత్ర అసమగ్రం. పోరు ఎంతకాలం నిలుస్తుంది, ఎందరు ప్రాణాలకు తెగిస్తారు, తరువాతి తరాలు దాన్ని ఎలా తలచుకొంటాయి అన్నవాటికి లాభనష్టాల లెక్క చాలదు. ఇక ఆ లెక్కలోనే లాభానికీ జీవికకూ తేడా చూపకపోతే దండెత్తినవాడూ ఎదురునిలిచినవాడూ ఒకే గాటన కట్టబడతారు.

కంపెనీకి దత్తమండలాలు రాబడి. కట్టుబడికి అందులోని రెండు చెక్కల మాన్యం బతుకు. ఇద్దరూ భూమి కోసమే పోరాడారన్న వాక్యం అబద్ధం కాదు, కాని అది చరిత్రగా చాలదు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమీషను మాన్యాలను విచారించి, స్వల్పమైన పన్ను నిర్ణయించి, అనుభవదారులకే స్థిరపరచే పద్ధతి చేపట్టింది. కోయిలకుంట్ల ఉరికంబం తరువాత పదకొండేళ్లకు ప్రభుత్వ కాగితాలు అంగీకరించిన ఆ సంగతి, మాన్యం మీద చేయి వేస్తే ఏమవుతుందో, గిద్దలూరు వైపు జనానికి అంతకుముందే తెలిసినదే.